తాగుడు మానడానికి అయ్యప్ప మాల: తేదీ, ఒట్టు, మాల తీశాక సంగతి

పెద్దక్క_బెజవాడ అడిగిన ప్రశ్న:

నమస్కారం అండీ. మా తమ్ముడికి 36 ఏళ్లు. రోజూ రాత్రి క్వార్టర్ విస్కీ, ఆదివారమైతే ఇంకో క్వార్టర్. ఏడేళ్లుగా ఇదే లెక్క. ఈసారి అయ్యప్ప మాల వేసుకుని, దాంతో మందు పూర్తిగా మానేస్తానని తనంతట తనే అన్నాడు. నవంబర్ 10న మాల, డిసెంబర్ 20న ఇరుముడి అనుకుంటున్నారు. కన్నెస్వామి, ఇదే మొదటిసారి.

నా అనుమానాలు మూడు. మాల పడే ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లారి నుంచి ఒక్కసారిగా ఆపేస్తే ఒంటికి ఏమైనా అవుతుందా? మాల ఒక్కటే చాలదు, కొడుకు తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాలని మా అమ్మ పట్టుబడుతోంది, అది మంచిదేనా? అన్నిటికన్నా పెద్దది మూడోది. మాల తీసిన సాయంత్రమే వైన్‌షాపు ముందు నిలబడేవాళ్లని మన ఊళ్లలో అందరం చూస్తున్నాం. 41 రోజులు అంత నిష్ఠగా ఉన్న మనిషి 42వ రోజు ఎందుకలా అయిపోతాడు? దానికి ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "దేవుడి మీద భారం వేయండి" అనే సమాధానాలు వద్దు. ఆ భారం ఎప్పుడో వేశాం.

పద్దెనిమిది_మెట్లు:

స్వామిశరణం మాతా. దీక్ష వరకు నేను చెప్తాను. ఒంటి సంగతి వైద్యం తెలిసినవాళ్లే చెప్పాలి.

నియమాలు మీకు తెలిసినవే. రెండుపూటలా చన్నీళ్ల స్నానం, పూజ, శరణుఘోష, మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, రాత్రికి అల్పాహారం, చాప మీద పడక, చెప్పుల్లేని నడక, క్షౌరం మానేయడం, బ్రహ్మచర్యం. మాంసం, మద్యం, పొగ నిషిద్ధం. ఖైనీ, గుట్కా కూడా ఆ పొగ లెక్కలోకే వస్తాయి, ఈ మాట విడిగా చెప్పకపోతే చాలామంది సందు వెతుక్కుంటారు.

ఇన్ని నియమాల్లో తాగేవాడిని నిజంగా పట్టి ఉంచేవి రెండే. ఒకటి పిలుపు. మాల పడిన క్షణం నుంచి భార్య, కొడుకు, ఆఫీసులో పైఅధికారి, దారినపోయే ఆటోడ్రైవరు, అందరికీ అతను "స్వామి". నల్లబట్టలు, మెడలో మాల, నుదుట గంధం కుంకుమ. ఆ వేషంలో గ్లాసు పట్టుకుంటే అడిగేవాళ్లు ఊరంతా ఉంటారు. రెండోది సాయంత్రం. మందుకు కూర్చునే వేళ ఏడు నుంచి తొమ్మిది. దీక్షలో సరిగ్గా అదే వేళకు స్నానం, దీపారాధన, భజన, ఎవరింట్లోనో పడిపూజ, ఫలహారం. మనిషికి తీరికే దొరకదు. మాల తీసిన మర్నాడు ఈ రెండూ ఒకేసారి పోతాయి. పాతపేరుతో పిలుస్తారు, సాయంత్రం ఖాళీ, ఫోన్‌లో పాత స్నేహితులు. మీరడిగిన 42వ రోజు జరిగేది అదే. మాల ఉన్నన్నాళ్లూ నియమాన్ని మోసింది అతనొక్కడే కాదు, చుట్టూ ఉన్న వందమంది. వాళ్లు దింపేసుకున్న బరువు ఎవరెత్తుకోవాలో మాల తీయకముందే తేల్చుకోవాలి.

గురుస్వామిని ఎంచుకునేటప్పుడు పేరున్నవాడా, పద్దెనిమిదిసార్లు కొండకు వెళ్లినవాడా అని కాదు, మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాడా, ఆయన పీఠంలో, అంటే స్వాములంతా చేరే చోట, భజన రోజూ ఉంటుందా, వారానికొక్కసారేనా అని చూడండి. తమ్ముడి అలవాటు సంగతి ఆయనకు దాచకుండా చెప్పండి. ఇలాంటి స్వాములు రావడం ఏ పీఠానికీ కొత్త కాదు.

మాల తులసిది గానీ రుద్రాక్షది గానీ, 54 లేదా 108 పూసలు, స్వామి ముద్ర ఉన్న డాలరు. జతగా రెండు వేయించండి. దారం తెగితే దీక్ష పోయినట్టు కాదు, కొత్త దారానికి గుచ్చి, శరణు చెప్పి మళ్లీ వేసుకోవడమే. ఇది ముందే చెప్పాలి. లేకపోతే "స్వామికే ఇష్టం లేదేమో" అని కుదేలైపోతారు, తాగాలని మనసు లాగుతున్నవాడికి ఆ సాకు చాలు. దగ్గరివాళ్లలో చావు జరిగితే మాత్రం మైల వస్తుంది. మాల తీసి స్వామి పటానికి వేసి కర్మలు చూసుకోవాలి. ఆ పదిరోజులూ అతను దుఃఖంలో, మాల లేకుండా, బంధువుల మధ్య ఉంటాడు. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

మధ్యలో తాగితే? మాల వేసేరోజే మాట తీసుకోండి. తాగితే అదేరోజు గురుస్వామికి చెప్పాలి, మాల తీస్తారు, తిట్లుండవు, ఒళ్లు కుదుటపడ్డాక లెక్క ఒకటి నుంచి మొదలు. మెడలో మాల ఉంచుకుని చాటుగా తాగడం కన్నా ఇది వెయ్యిరెట్లు నయం.

నర్సక్క_డీఅడిక్షన్:

మొదటి అనుమానానికి నేను చెప్తానండీ. నవంబర్ 10 పొద్దున ఒక్కసారిగా ఆపేయడం ఈ మొత్తం ప్లానులో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. లెక్కవేస్తే దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్. 10 గ్రాములకు ఒక డ్రింక్ అని వైద్యుల లెక్క, అంటే రోజుకు ఆరు, ఆదివారం పన్నెండు. ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది. ఏళ్లతరబడి రోజూ పడుతుంటే దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. హఠాత్తుగా మందు ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డుండదు.

ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లోపు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నాడో తెలియదు, లేనివాళ్లు కనిపిస్తారు, గొంతులు వినిపిస్తాయి, ఒళ్లు కాలిపోతుంది, బీపీ పెరుగుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఇక్కడ దీక్షకు సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం. మాల వేసుకున్న మూడోరోజు ఒక స్వామి వణుకుతూ, ఎవరినో చూస్తూ, ఏదో మాట్లాడుతుంటే చుట్టుపక్కలవాళ్లు పూనకం అనుకుని హారతి ఇచ్చే ప్రమాదం ఉంది. భజనలో ఒళ్లు తెలియకుండా ఊగినవాడు పాట ఆగాక కాసేపటికి మామూలవుతాడు. ఇవాళ ఏ వారమో చెప్పలేకపోతున్నాడు, చెమటలు కారుతున్నాయి, గంటలు గడిచినా తగ్గట్లేదు అంటే అంబులెన్సు పిలవండి, 108.

దీనికి తోడు ఉపవాసం, తెల్లవారుజామున చన్నీళ్లు, నిద్ర తక్కువ. రోజూ తాగేవాళ్లలో బి1 విటమిన్, అంటే థయమిన్, ముందే తక్కువగా ఉంటుంది. తిండి కూడా తగ్గితే ఇంకా పడిపోతుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు బాటిల్ ఎక్కించే అలవాటు మనకుంది. ఇలాంటివాళ్లకు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం, తికమకపడటం దానికి గుర్తులు.

అందుకే వరస మార్చండి. ముందు వైద్యుడి పర్యవేక్షణలో మందు మాన్పించడం, తర్వాత కనీసం రెండు వారాలు ఒళ్లు స్థిరపడనివ్వడం, ఆ తర్వాతే మాల. మాన్పించేటప్పుడు డాక్టరు క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్ర ఇచ్చి, వారం పదిరోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వైపు వెళ్తారు. మోతాదు ఎవరినీ అడిగి తెచ్చుకోకండి. ఈ మాత్రలు మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది, ఎక్కువకాలం వాడితే అదొక అలవాటవుతుంది.

ఒక్క ప్రశ్న. ఎప్పుడైనా ఒకటి రెండు రోజులు తాగకుండా ఉన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా?

పెద్దక్క_బెజవాడ:

వచ్చాయండీ. రెండేళ్ల కిందట వైరల్ జ్వరంతో రెండురోజులు మంచం మీదే ఉన్నాడు, తాగలేదు. రెండోరోజు రాత్రి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. జ్వరం తలకెక్కిందని అనుకున్నాం. మళ్లీ రాలేదు.

నర్సక్క_డీఅడిక్షన్:

అయితే ఇంటి దగ్గర మాన్పించే ఆలోచనే పెట్టుకోకండి. జ్వరానికి ఫిట్స్ రావడం పసిపిల్లల్లో మామూలు, పెద్దవాళ్లలో కాదు. తాగుడు ఆగిన రెండోరోజు వచ్చాయంటే మందు మానడం వల్ల వచ్చినవే అని ముందు అనుమానించాలి. ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాతిసారి మానినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ, తీవ్రత కూడా పెరగొచ్చు. ఆసుపత్రిలో చేర్చే మాన్పించాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. చేర్చేదాకా "ఇవాళ్టి నుంచి ముట్టకు" అని బలవంతపెట్టకండి. ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్లకు మింగుడుపడదు, కానీ ఫిట్స్ చరిత్ర ఉన్నవాడి విషయంలో ఇదే సరైనది. చేర్చేటప్పుడు ఆ ఫిట్స్ సంగతి, ఆఖరిసారి ఎన్నింటికి తాగాడో డాక్టరుకు తప్పక చెప్పండి.

చిత్తూరు_పంచాయితీ:

ఒట్టు గురించి నేను రాస్తాను. పిల్లాడి తల మీద మాత్రం వద్దమ్మా.

అలాంటి ఒట్టు వేశాక ఎప్పుడో ఒకసారి జారితే, ఆ వారంలోనే పిల్లాడికి జలుబో జ్వరమో రావడం ఖాయం. పిల్లలకు నెలకోసారి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. "నావల్లే" అని తండ్రి కుంగిపోతాడు, "నీవల్లే" అని ఇంట్లోవాళ్లు అంటారు. ఆ బాధ మర్చిపోవడానికి అతనికి తెలిసిన దారి ఒకటే. ఆ తర్వాత నుంచి దాచి తాగుతాడు. పిల్లాడికి ఊహ తెలిసిన వయసైతే తన ప్రాణం నాన్న గ్లాసు మీద ఉందని నమ్ముతాడు, అది ఇంకా అన్యాయం. తల్లి మీద, అన్నం మీద, దీపం ఆర్పి వేసే ఒట్లు కూడా ఇదే బాపతు. భయం మొదటి పదిరోజులు పనిచేస్తుంది. ఒకసారి తప్పి, ఏమీ జరగలేదని తెలిశాక ఇక ఏ ఒట్టూ ఆ మనిషిని పట్టదు.

గుళ్లో ప్రమాణం దీనికి కొంచెం భిన్నం. మా చిత్తూరు జిల్లాలో కాణిపాకం వరసిద్ధి వినాయకుడి దగ్గర స్నానం చేసి ప్రమాణం చేయడం పాత ఆచారం. ఊరి తగాదాల్లో నిజం తేలకపోతే అక్కడికే తీసుకెళ్లేవాళ్లు. మందు మానేస్తానని ప్రమాణం చేసేవాళ్లూ వస్తారు. అందులో మంచి ఏమిటంటే మనిషి తన పేరున తానే చెప్తాడు, మధ్యలో పసివాడు లేడు, తీసుకెళ్లిన నలుగురు సాక్షులు తర్వాత కూడా ఊళ్లోనే ఉంటారు. అయినా "జన్మలో ముట్టను" అనే మాట వద్దంటాను. అంత పెద్ద మాట ఒక్క రాత్రిలో విరిగిపోతుంది, విరిగాక మిగిలేది శూన్యం.

మాటను ఇలా కట్టండి: ఏది ముట్టడు (బీరు, కల్లు, వైను పేర్లతో సహా, లేకపోతే "బీరు మందు కాదుగా" అంటాడు), ఎప్పటి నుంచి ఎప్పటి దాకా (తేదీతో), మనసు లాగినప్పుడు ఎవరికి ఫోను చేస్తాడు (రెండు పేర్లు), జారితే ఎన్ని గంటల్లోపు ఎవరికి చెప్తాడు, చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం అనరు. ఈ ఆఖరిది రాయకపోతే మిగతాదంతా ఏకపక్షం. కాగితం మీద అతని చేతిరాతతోనే రాయించండి, పావు పేజీ దాటనివ్వకండి. సంతకం అతనిదీ, మీదీ, ఇంకొకరిదీ. గడువు 30 రోజులు. ముగిసిన రోజు కాగితం ముందేసుకుని కూర్చుని మళ్లీ కొత్తది రాసుకోవాలి. తనంతట తనే మొదలుపెట్టాడన్నారు కాబట్టి మాటలు కూడా అతనివే ఉండనివ్వండి. అక్క చెప్పి రాయించిన ప్రతిజ్ఞ అక్కదే అవుతుంది.

బస్సు_లెక్కలు:

యాత్ర గురించి కొంచెం. స్వాముల బస్సు మాట్లాడుకునేటప్పుడు అందరూ రేటు, సీటు అడుగుతారు. మీరు అడగాల్సింది, మాల ఎక్కడ తీస్తారు? పద్ధతి ప్రకారం ఇంటికొచ్చి, గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టి, దేవుడి దగ్గర గురుస్వామి గానీ తల్లి గానీ తీయాలి. కొన్ని బృందాలు దర్శనం అయ్యాక పంపలోనే తీసేసి, తిరుగుదారిలో కన్యాకుమారి, మధురై, రామేశ్వరం అంటూ నాలుగురోజులు తిరుగుతాయి. ఆ నాలుగురోజులు బస్సు వెనక సీట్లలో ఏం జరుగుతుందో నేను రాయక్కర్లేదు. మీ తమ్ముడి విషయంలో రాను పోను నేరుగా ఉండాలి. రైలైతే చెంగన్నూరు లేదా కొట్టాయం దిగి, నిలక్కల్ మీదుగా పంప. ప్రైవేటు బస్సులు నిలక్కల్‌లో ఆపి కేరళ ఆర్టీసీ బస్సు ఎక్కాల్సి ఉంటుంది. పంప నుంచి సన్నిధానం దాదాపు 5 కిలోమీటర్ల ఎక్కుడు, నీలిమల, అప్పాచిమేడు దగ్గర గుండె మీద భారం తెలుస్తుంది. ఎరుమేలి నుంచి పెద్దపాదం అడవిదారి 45 కిలోమీటర్ల పైమాటే, ఈ ఏడాది అతనికి వద్దు. వర్చువల్ క్యూ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేయండి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. మాత్రలు ఇరుముడిలో కట్టకండి, చేతిసంచిలో ఉండాలి. ఇరుముడి సన్నిధానంలో గానీ విప్పరు.

నర్సక్క_డీఅడిక్షన్:

మాత్రల మాట వచ్చింది కాబట్టి ఇంకొన్ని. వైద్యుడు రాసిన మాత్ర దీక్షాభంగం కాదని గురుస్వామి నోటితోనే అతనికి చెప్పించండి, మనం చెప్తే వినరు. మానిన తర్వాత కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఇస్తారు. ఏది ఇవ్వాలో లివర్, కిడ్నీ రిపోర్టులు చూసి నిర్ణయిస్తారు. డైసల్ఫిరామ్ అనేది వేరే రకం. అది వేసుకున్నవాడు మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, కొన్నిసార్లు ప్రాణాపాయం. ఆఖరి మాత్ర తర్వాత రెండువారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. "తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలపండి" అని అమ్మే పొడులు కొనకండి, ఎవరైనా డైసల్ఫిరామ్ అలా కలపమంటే అది నేరుగా ప్రాణంతో ఆట. అతనికి తెలిసి, ఒప్పుకుని, రోజూ మీ ఎదురుగా వేసుకుంటేనే అది మందు.

దీక్షలో ఉన్నవాళ్లు జలుబుకూ నీరసానికీ ఆయుర్వేదం వైపు వెళ్తారు. దశమూలారిష్టం, అశ్వగంధారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లు, హోమియో చుక్కలు కూడా అంతే. మానినవాడికి ఇవేవీ వద్దు, డైసల్ఫిరామ్ మీద ఉంటే అసలే వద్దు.

ఏకభుక్తం దగ్గర గురుస్వామిగారు కొంచెం సడలింపు ఇవ్వాలి. ఖాళీ కడుపు కోరికను పెంచుతుంది, ఇది మా దగ్గర రోజూ కనిపించేదే. సాయంత్రం ఆరింటికల్లా కడుపునిండా ఏదో ఒకటి పడాలి. ఇడ్లీ, ఉప్మా, చపాతీ, ఉడికించిన శనగలు, ఏదైనా సరే, ఏడింటికి ఆకలితో మాత్రం ఉండకూడదు.

చేర్చిన రోజు జీజీటీ అనే రక్తపరీక్ష చేయించి, దీక్ష ముగిశాక మళ్లీ చేయించండి. తాగుడు వల్ల పెరిగినదైతే మానిన నాలుగైదు వారాల్లో బాగా దిగుతుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే వందమంది చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ అనే అంకె మారడానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది, అది తగ్గలేదని నిరుత్సాహపడొద్దు, ఎర్రకణాల ఆయుష్షే 120 రోజులు.

పద్దెనిమిది_మెట్లు:

సాయంత్రం ఫలహారానికి అభ్యంతరం లేదు. మాత్రల మాట కూడా నేనైతే మాల వేసేటప్పుడే అందరిముందూ చెప్తాను.

42వ రోజు గురించి నాదొక సూచన. అయ్యప్ప మాల తీశాక వేసవిలో హనుమాన్ దీక్ష ఉంది, కొండగట్టుకు వెళ్లేవాళ్లు 41, 21, 11 రోజులు చేస్తారు. తర్వాత కార్తీకంలో భవానీ దీక్ష, మీకు ఇంద్రకీలాద్రి ఊళ్లోనే. ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటే ఏడాదిలో మూడోవంతు నియమంలోనే గడుస్తుంది.

నర్సక్క_డీఅడిక్షన్:

స్వామీ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. దీక్ష నుంచి దీక్షకు బతికేవాళ్లలో మధ్య నెలలు పండగలైపోతాయి. "ఏప్రిల్లో ఎలాగూ మాల వేస్తాను, అప్పటిదాకా పర్లేదు" అనే లెక్క వస్తుంది. ఒంటికి ఇది ఇంకా చెడ్డది. కొన్నాళ్లు మానితే తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత అలవాటు కొద్దీ ఒకేసారి రెండు క్వార్టర్లు వేస్తే అంతకుముందు ఎక్కనంత ఎక్కుతుంది. ప్రతిసారీ హఠాత్తుగా ఆపడం ఫిట్స్ ముప్పును పెంచుతుంది. ఈ తమ్ముడికి ఆ చరిత్ర ఉంది. దీక్షలు వేసుకోనివ్వండి, కానీ మందుకు దీక్షకు ముడిపెట్టకండి. మాలతో పాటు తీసేసేది నల్లబట్టలు మాత్రమే అని ముందే మాట అయిపోవాలి.

పద్దెనిమిది_మెట్లు:

సరే, ఆ మాటా నిజమే. మధ్య నెలల లెక్క నేనూ చూశాను. అయితే దీక్షలోంచి సాయంత్రపు గంటను మాత్రం మిగుల్చుకోండి. మాల తీశాక కూడా ఏడింటికి స్నానం, దీపం, శరణుఘోష కొనసాగించవచ్చు, దానికి మాల అక్కర్లేదు. పీఠానికి వచ్చి ప్రసాదం పంచడమో, వచ్చే ఏటి కన్నెస్వాములకు ఇరుముడి సామాను సర్దడమో, నెయ్యికాయలు గీకిపెట్టడమో ఏదో పని అప్పగిస్తాను. పీచు నున్నగా తీసి, కన్ను పొడిచి, నీళ్లు వంచి ఆరబెట్టడం ఓపికతో కూడిన పని, చేతులకు కూడా పనవుతుంది.

చిత్తూరు_పంచాయితీ:

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే మీటింగులు కూడా ఆ గంటలోనే ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో తెలుగులోనే జరుగుతాయి, డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. అక్కడ మాట 24 గంటలకే ఇస్తారు. ఇవాళ తాగను, అంతే. దేవుడి ప్రస్తావన ఉంటుంది గానీ ఏ దేవుడో అతని ఇష్టం. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరుగా ఉంది, పెద్దక్కగారూ, మీరు అక్కడికి వెళ్లండి.

ఒట్టు కాగితం మొదటి గడువు ముగిసేది మాల తీసిన వారంలో పడకుండా చూసుకోండి. ఆ వారంలో ఒకేసారి రెండు ముగింపులు వద్దు. దానికి రెండువారాలు దాటి ఉండాలి.

పెద్దక్క_బెజవాడ:

అందరికీ చాలా థాంక్సండీ. తమ్ముడితో కూర్చుని ఇదంతా చదివించాను. ఫిట్స్ సంగతి చదివాక తనే ఆసుపత్రికి ఒప్పుకున్నాడు. నవంబర్ మొదటివారంలో చేరుస్తాం. పిల్లాడి ఒట్టు వద్దని అమ్మకు మా ఆయన చెప్పారు, ముఖం ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. ఇక 10న మాల కుదరదు. మళ్లీ ఏ తేదీ పెట్టుకోమంటారు? మండలపూజ దాటిపోతుందేమోనని తమ్ముడు బాధపడుతున్నాడు.

పద్దెనిమిది_మెట్లు:

మండలపూజ డిసెంబర్ 26, 27 ప్రాంతంలో అయిపోతుంది. దాని గురించి బాధ వద్దు మాతా, మకరవిళక్కు, అంటే సంక్రాంతి వేళ జ్యోతి పండగ, దాని కోసం డిసెంబర్ 30 ప్రాంతంలో మళ్లీ గుడి తీస్తారు, జనవరి 20 ప్రాంతం దాకా తెరిచే ఉంటుంది.

డిసెంబర్ 5న మాల వేయండి. అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చి రెండువారాలు దాటుతుంది. జనవరి 14కి 41 రోజులు. ఆరోజే ఇరుముడి కట్టి బయలుదేరితే జ్యోతి చూసిన జనం కొండ దిగేసరికి మీవాళ్లు పంపలో ఉంటారు, తొక్కిసలాట తక్కువ. 16, 17 తేదీలకు వర్చువల్ క్యూ చూసుకోండి. మీ పాత లెక్కలో డిసెంబర్ 20 ఇరుముడి అంటే 24, 25కల్లా ఇంటికొచ్చి మాల తీసేవాడు. సరిగ్గా ఆరురోజులకు 31వ తేదీ రాత్రి, ఆ వెనకే సంక్రాంతి. ఇప్పుడైతే డిసెంబర్ 31, భోగి, సంక్రాంతి, కనుమ అన్నీ మాలలోనే గడిచిపోతాయి. కనుమనాడు ఇంట్లో మాంసం వండుకునేవాళ్లైతే అతను అప్పటికి రైల్లోనో కొండమీదో ఉంటాడు. వాళ్లు తిరిగొచ్చేది 19, 20న. మాల విరమణ శనివారం, ఆదివారం పడకుండా చూడండి. పొద్దున్నే పెట్టుకోండి, ఆ సాయంత్రం ఏడింటికి పీఠానికి రమ్మనండి, నెయ్యికాయల గిన్నెలు, ఇత్తడి సామాను తోమే పని ఉంటుంది.